పాత స్పోర్ట్స్ కారుకు పొల్యూషన్ టెస్ట్: ఫ్యాక్టరీ సామాను తీయకుండానే పాస్ చేయించడం ఎలా?

నా దగ్గర 1972 ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. అమెరికాలో అమ్మడానికి తయారైన లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ బండి. అది నా చేతికి వచ్చిన కొత్తలో సర్వీసింగ్‌కని ఒక గ్యారేజీలో వదిలాను. సాయంత్రం వెళ్లేసరికి ఇంజన్ ముందు ఉండాల్సిన ఎయిర్ పంపు లేదు, దాని పైపులు లేవు, పక్కన ఉండే నల్లటి బొగ్గు డబ్బా లేదు. “ఇవన్నీ పికప్ తినేస్తాయి సార్, ఇప్పుడు బండి తేలిగ్గా లాగుతుంది” అన్నారు. అప్పటికి నాకూ తెలియదు, సరేనన్నాను. వారం తిరక్కముందే మా అపార్ట్‌మెంట్ సెల్లార్ అంతా పెట్రోల్ వాసన వస్తోందని పక్క ఫ్లాటువాళ్లు వాచ్‌మన్‌తో కబురు పంపారు. సామాను తిరిగి ఇమ్మని వెళితే తుక్కులో వేసేశామన్నారు. ఆ పంపు లాంటిది మళ్లీ దొరకడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది.

హైదరాబాద్‌లో పొల్యూషన్ టెస్ట్ అంటే సైలెన్సర్‌లో గొట్టం పెట్టి రీడింగ్ తీయడమే. బానెట్ ఎవరూ ఎత్తి చూడరు. అందుకే చాలామంది ఈ సామానుతో పనేముంది అనుకుంటారు. కానీ కార్బురేటర్‌లో సూది, ఇగ్నిషన్ టైమింగ్, ఎయిర్ పంపు, ట్యాంకు ఆవిరి పైపులు, ఇవన్నీ ఫ్యాక్టరీలో ఒకే లెక్కతో కట్టినవి. అందులో ఒకటి తీస్తే మిగతావాటి లెక్క తప్పుతుంది. ముందు వాటిని పని చేయించండి, తర్వాతే కార్బురేటర్ స్క్రూ మీద చెయ్యి వేయండి. ఈ వరస తప్పినందువల్లే బండ్లు టెస్టులో ఫెయిలవుతుంటాయి.

మొదట: మీ కారుతో ఏం వచ్చిందో తెలుసుకోండి

మన దేశంలో అమ్మిన స్టాండర్డ్ హెరాల్డ్, పాత ప్రీమియర్ పద్మిని, పాత అంబాసిడర్ లాంటి కార్లకు ఎయిర్ పంపు గానీ, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ గానీ ఫ్యాక్టరీ నుంచి రాలేదు. వాటికి ఏదో తగ్గిందని వెతుక్కోవాల్సిన పని లేదు. మంచి ట్యూనింగ్ చాలు. నేరుగా ట్యూనింగ్ భాగానికి వెళ్లిపోండి.

అమెరికా నుంచి వచ్చిన బండి అయితే కథ వేరు. పొగ నియంత్రణ మొదట కాలిఫోర్నియాలో మొదలైంది. క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) ఆవిరిని తిరిగి ఇంజన్‌లోకే పంపే పీసీవీ వాల్వ్‌ను అక్కడ 1961 మోడల్ కార్లకే పెట్టారు. 1968 మోడల్ నుంచి అమెరికా అంతటా పొగ పరిమితులు వచ్చాయి. ట్యాంకు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా కాలిఫోర్నియాలో 1970కి, మిగతా దేశంలో 1971కి వచ్చింది. 1975 మోడళ్లకు చాలావాటికి క్యాటలిటిక్ కన్వర్టర్ పడింది. అందుకే ఒకే పేరున్న కారు ఏడాదిని బట్టి, దేశాన్ని బట్టి వేరుగా ఉంటుంది. జాగ్వార్ ఈ-టైప్‌నే చూడండి. ఇంగ్లండ్‌లో మూడు ఎస్‌యూ కార్బురేటర్లతో అమ్మిన ఆరు సిలిండర్ల బండికి అమెరికాలో 1968 నుంచి రెండు స్ట్రాంబర్గ్ కార్బురేటర్లే ఇచ్చారు. అలాంటి బండికి మూడు ఎస్‌యూలు బిగించి ఒరిజినల్ అని చెప్పుకుంటే అది తప్పు.

బానెట్ కింద పొగ నియంత్రణ వివరాల స్టిక్కర్ ఉందేమో చూడండి. టైమింగ్ ఎంత, ఐడిలింగ్ ఎంత అనేది అందులోనే ఉంటుంది. స్టిక్కర్ ఊడిపోతే చాసిస్ నంబరు పట్టుకుని ఆ ఏటి పార్ట్స్ క్యాటలాగ్ చూడండి. ఎంజీ, ట్రయంఫ్ లాంటి బ్రిటిష్ బండ్లకు ఇంగ్లండ్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ సర్టిఫికెట్ ఇస్తుంది. కారు ఎప్పుడు తయారైంది, ఏ దేశానికి పంపారు అనేది అందులో ఉంటుంది. ఈ కాగితానికి పెట్టే ఖర్చు వృథా కాదు.

ఒక హెచ్చరిక. కన్వర్టర్‌తో రాని కారుకు బయట దొరికే కన్వర్టర్ తెచ్చి వెల్డింగ్ చేయించకండి. కార్బురేటర్ బండి కాస్త రిచ్‌గా, అంటే గాలికి తగినదానికంటే పెట్రోల్ ఎక్కువై నడిస్తే ఆ మిగులు పెట్రోల్ అంతా కన్వర్టర్‌లో మండి అది ఎర్రగా కాలుతుంది. కారు కింద అంత వేడి ప్రమాదం.

తీసే ముందు ఫొటో, తీశాక ట్యాగ్

ఏ పైపు పీకినా ముందు ఫోన్‌తో రెండు వైపుల నుంచి ఫొటో తీయండి. పైపుకీ, అది తగిలే చోటికీ ఒకే అంకె రాసిన టేపు చుట్టండి. గ్యారేజీలో వదిలేటప్పుడు ఉస్తాద్‌కు నోటితో చెప్పి ఊరుకోకండి. “పాత సామాను ఏదీ పారేయొద్దు, అట్టపెట్టెలో వేసి ఇవ్వండి” అని జాబ్ కార్డు మీదే రాయించండి. నేను చేయని పని ఇదే.

పీసీవీ, ఆయిల్ మూత

ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. ఐడిలింగ్ కొద్దిగా మారితే గాలి లాగుడు ఉన్నట్టే. ఏ మార్పూ లేకపోతే పైపు ఎక్కడో మూసుకుపోయింది. అప్పుడు లోపలి ఆవిరి బయటికి పోయే దారి లేక సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. పాత ఇంగ్లిష్ బండ్లు ఆయిల్ కారడం మామూలే అని సరిపెట్టుకునే వాళ్లు ముందు ఈ పైపు శుభ్రం చేసి చూడాలి.

మూత సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ముఖ్యం. బొగ్గు డబ్బా ఉన్న ఎంజీబీల్లో గాలి ఆ డబ్బా గుండా వచ్చి, వాల్వ్ కవర్‌లోకి దిగి, అక్కడి నుంచి కార్బురేటర్‌కు చేరాలి. ఆ దారిలోనే డబ్బాలో పట్టుకున్న పెట్రోల్ ఆవిరి కూడా ఇంజన్‌లోకి వెళ్లి మండుతుంది. కాబట్టి దీనికి గాలి చొరబడని మూత ఉండాలి. పాత మోడల్‌ది, రంధ్రం ఉన్న మూత పెడితే గాలి అక్కడి నుంచే వచ్చేస్తుంది, డబ్బా ఎప్పటికీ ఖాళీ కాదు. మిక్స్చర్ కూడా మారుతుంది. మూత చూడ్డానికి ఒకేలా ఉంటుంది. తిప్పి చూసి కొనండి.

ఎయిర్ పంపు, దాని వాల్వులు

ఎక్కువమంది పీకేసేది దీన్నే. పంపు చేసే పని సులువైనది. ఎగ్జాస్ట్ వాల్వు దాటి వస్తున్న వేడి పొగలోకి తాజా గాలి ఊదుతుంది. మండకుండా మిగిలిన పెట్రోల్ ఆ గాలితో అక్కడే మండిపోతుంది. బెల్టు మీద తిరుగుతుంది కనుక కొంచెం శక్తి తీసుకుంటుంది, నిజమే. కానీ రోడ్డు మీద అది తెలియనంత తక్కువ. పికప్ పోయిందంటే కారణం మామూలుగా టైమింగో, ట్యాపెట్లో అయి ఉంటుంది.

పంపును చేత్తో తిప్పి చూడండి. పట్టేసినట్టు ఉంటే, గరగరమంటే బేరింగ్ పోయింది. బెల్టు నడుమ వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. మరీ బిగిస్తే అదే బేరింగ్‌ను చంపుతుంది.

తర్వాత చెక్ వాల్వ్. పంపు గాలి ముందుకు పోవాలి, వేడి పొగ వెనక్కి రాకూడదు. అందుకే ఈ వాల్వ్. ఊడదీసి నోటితో రెండు వైపుల నుంచి ఊదండి. పంపు వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, రెండో వైపు నుంచి పోకూడదు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి పెట్టకండి, లోపలి పొర చిరుగుతుంది. పంపు వైపు పైపు లోపల మసి కనిపిస్తే చెక్ వాల్వ్ పోయినట్టే. అది మార్చకుండా కొత్త పంపు పెడితే వేడి పొగకు అదీ కాలిపోతుంది.

ఇక గల్ప్ వాల్వ్. యాక్సిలరేటర్ హఠాత్తుగా వదిలినప్పుడు మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి, పెట్రోల్ వెళ్లే గొట్టంలో) పెట్రోల్ ఎక్కువై, అది సైలెన్సర్‌లోకి వెళ్లి టపటపా పేలుతుంది. ఆ క్షణంలో కొంచెం గాలి మానిఫోల్డ్‌లోకి వదిలి పేలకుండా చూసేది ఈ వాల్వ్. ఐడిలింగ్‌లో దాని నుంచి మానిఫోల్డ్‌కు వెళ్లే పైపును పక్కడ్‌తో మెల్లగా నొక్కి పట్టండి. ఐడిలింగ్ మారకూడదు. మారిందంటే లోపలి డయాఫ్రం లీకవుతోంది, ఇంజన్ దొంగగాలి పీలుస్తోంది. దాన్ని వదిలేసి కార్బురేటర్‌ను రిచ్ చేసి సర్దుబాటు చేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. రీడింగ్ ఎక్కడికో పోవడానికి అది రాజమార్గం.

మీ కారుకు ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్) ఉంటే దాని వాక్యూమ్ పైపు పీకి, వాల్వ్‌కు చిన్న రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీల్చండి. ఐడిలింగ్‌లో వాల్వ్ తెరుచుకుంటే ఇంజన్ తడబడాలి, ఆగిపోయినా ఫరవాలేదు. ఏమీ కాకపోతే మసితో మూసుకుపోయింది. శుభ్రం చేస్తే సరి.

ఫ్యాక్టరీ పెట్టిన ప్రతిదీ గొప్పదని నేను అనడం లేదు. 1970ల మధ్యలో అమెరికాకు వెళ్లిన కొన్ని 2.7 లీటర్ల పోర్షే 911లకు మిగిలిన పెట్రోల్‌ను పొగ దారిలోనే వేడితో మండించే థర్మల్ రియాక్టర్లు పెట్టారు. ఆ వేడికి మెగ్నీషియం క్రాంక్‌కేస్‌లోంచి హెడ్ స్టడ్‌లు ఊడి వచ్చేవి. 1973, 74 డాట్సన్ జెడ్ కార్ల ఫ్లాట్ టాప్ కార్బురేటర్లు వేడి వాతావరణంలో సతాయిస్తాయి, అందుకే చాలామంది వాటి బదులు ముందు ఏళ్ల గుండ్రటి కార్బురేటర్లు పెట్టుకున్నారు. అలాంటి చోట మార్చడం న్యాయమే. కానీ తీసినది నూనె రాసి, పేరు రాసి, పెట్టెలో దాచండి. కారుతో పాటే ఆ పెట్టె కూడా చేతులు మారాలి.

బొగ్గు డబ్బా, ట్యాంకు పైపులు

మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకులో పెట్రోల్ ఎంత ఆవిరవుతుందో ఊహించండి. ఆ ఆవిరి బయటికి పోకుండా డబ్బాలోని బొగ్గు పట్టుకుంటుంది. మూసి ఉన్న సెల్లార్‌లో బండి పెట్టేవాళ్లకు ఇది చట్టం కంటే ముందు భద్రతకు సంబంధించిన విషయం. మా సెల్లార్‌లో వాసనకు కారణం, డబ్బా తీసేసి ట్యాంకు పైపును అలాగే తెరిచి వదిలేయడమే.

డబ్బా ఊపితే పొడి రాలుతుంటే, బరువుగా పెట్రోల్ తాగినట్టు ఉంటే దాని పని అయిపోయింది. అడుగున ఉండే ఫిల్టర్ ప్యాడ్ మాత్రం మార్చుకోవచ్చు. ట్యాంకు మూత కూడా గాలి చొరబడనిదే ఉండాలి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. యాభై ఏళ్ల నాటి రబ్బరు దీన్ని తట్టుకోదు, మెత్తబడుతుంది, ఉబ్బుతుంది, చివరికి పగులుతుంది. అన్ని పెట్రోల్ పైపులనూ ఒకేసారి మార్చేయండి. మామూలు రబ్బరు గొట్టం అడక్కండి. ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న ఫ్యూయల్ హోస్ అడగండి. రాణిగంజ్ వైపు హోస్ షాపుల్లో అడిగి చూడండి, మీటరు లెక్కన కొనేటప్పుడు పైన ముద్ర చదవండి. ఇత్తడి నట్లు, పాత బ్రాకెట్లు, క్లిప్పుల కోసం చాదర్‌ఘాట్ పాత స్పేర్ పార్టుల దుకాణాలు ఓపికగా తిరిగితే లాభం ఉంటుంది. కానీ డయాఫ్రం, వాల్వ్ లాంటివి పాతవి కొనకండి, కొత్త కిట్లు తెప్పించుకోండి.

ఇప్పుడు ట్యూనింగ్

వరస ఇది: ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ట్యాపెట్లు, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, అన్నిటికంటే చివర కార్బురేటర్. ఆయిల్‌లో పెట్రోల్ కలిసి ఉంటే ఆ ఆవిరి పీసీవీ గుండా లోపలికి వచ్చి రీడింగ్ పెంచుతుంది, అందుకే ఆయిల్ మొదట. నా బండి డిస్ట్రిబ్యూటర్‌కు పాయింట్ గ్యాప్ 14 నుంచి 16 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. టైమింగ్ చెవితో కాకుండా టైమింగ్ లైట్‌తో పెట్టించండి.

మిక్స్చర్ సెట్ చేసేటప్పుడు ఎయిర్ పంపు నుంచి వెళ్లే పైపు పీకి, ఎగ్జాస్ట్ వైపు చివర బిరడా పెట్టండి. లేకపోతే పంపు గాలి పొగలో కలిసి, బండి రిచ్‌గా ఉన్నా సీవో (కార్బన్ మోనాక్సైడ్) తక్కువ చూపిస్తుంది. సెట్ చేశాక పైపు తిరిగి పెట్టేయాలి.

ఎస్‌యూ కార్బురేటర్ అయితే ఇంజన్ బాగా వేడెక్కాక పిస్టన్‌ను పక్కనున్న పిన్నుతో మిల్లీమీటర్ కంటే తక్కువ ఎత్తండి. ఇంజన్ స్పీడు పెరిగి అలాగే ఉంటే రిచ్. తగ్గి ఆగబోతే లీన్, అంటే పెట్రోల్ తక్కువ. ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉంది. నా బండిలో ఉన్న హెచ్ఐఎఫ్ రకంలో పక్క స్క్రూ కుడికి తిప్పితే రిచ్, ఎడమకు తిప్పితే లీన్. ఒక్కోసారి పావు తిప్పు కంటే తక్కువే తిప్పి, రెండుసార్లు యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ చూడండి. రెండు కార్బురేటర్లూ ఒకే మోతాదులో గాలి పీల్చాలి. ఒక రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని రెండో చివర ఒక్కో కార్బురేటర్ నోటి దగ్గర పెడితే బుస్సుమనే శబ్దంలో తేడా పట్టేయొచ్చు.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి చెన్నై గాలి కంటే పలచన. కాబట్టి చెన్నైలోనో విశాఖలోనో సరిగ్గా ట్యూన్ చేసిన కార్బురేటర్ ఇక్కడ కొంచెం రిచ్‌గా నడుస్తుంది. ఇథనాల్ పెట్రోల్ దీనికి ఎదురు, అది లీన్ వైపు లాగుతుంది. మాన్యువల్లో రాసిన తిప్పులు లెక్కపెట్టి వదిలేయకుండా నాలుగు గ్యాసుల ఎనలైజర్ ఉన్న గ్యారేజీలో ఒకసారి చూపించుకోండి అనేది అందుకే.

రీడింగ్ చదవడం

బంకు దగ్గర పొల్యూషన్ వ్యాన్‌లో ఇచ్చే కాగితంలో ముఖ్యమైనవి రెండు: సీవో శాతం, హెచ్‌సీ (మండకుండా మిగిలిన పెట్రోల్, అంటే హైడ్రోకార్బన్లు) పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని భాగాలు. భారత్ స్టేజ్ 2 అనే ప్రభుత్వ పొగ ప్రమాణం కంటే ముందు తయారైన పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో సీవో 3 శాతం, హెచ్‌సీ 1500 పీపీఎం దాటకూడదు. భారత్ స్టేజ్ 2, 3 బండ్లకు ఇవే 0.5 శాతం, 750 పీపీఎం. ఆపరేటర్ కంప్యూటర్‌లో మీ కారును ఏ వర్గంలో వేస్తున్నాడో పక్కన నిలబడి చూడండి. 1972 బండిని పొరపాటున కొత్త వర్గంలో వేస్తే ఎంత మంచి ట్యూనింగ్ అయినా ఫెయిలవుతుంది. ఆర్సీలో తయారీ ఏడాది చూపించి మర్యాదగా చెప్తే మార్చేస్తారు.

సీవో ఎక్కువ, హెచ్‌సీ మామూలు అంటే బండి రిచ్. చోక్ పూర్తిగా వెనక్కి వెళ్లలేదేమో, ఫ్లోట్ లెవెల్ ఎక్కువుందేమో, ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి. సీవో తక్కువగా ఉండి హెచ్‌సీ మాత్రం ఎక్కువ ఉంటే మిస్సింగ్ కొడుతోంది. ప్లగ్గు, పాయింట్లు, దొంగగాలి, కాలిన వాల్వు, ఈ నాలుగింటిలో ఒకటి. కార్బురేటర్ ముట్టుకోకండి. రెండూ ఎక్కువైతే ముందు రిచ్ తగ్గించి మళ్లీ చూడండి. నాలుగు గ్యాసుల మెషిన్‌లో ఆక్సిజన్ బాగా ఎక్కువ కనిపిస్తే సైలెన్సర్‌కు ఎక్కడైనా రంధ్రం ఉందేమో చూడండి. ఎయిర్ పంపు పనిచేసే బండిలో అయితే అది సహజం.

టెస్టుకు వెళ్లే ముందు బండిని కనీసం పది పదిహేను కిలోమీటర్లు నడపండి. ఇంట్లోంచి తీసి వీధి చివర బంకుకు వెళ్తే చల్లటి ఇంజన్ రిచ్‌గానే చూపిస్తుంది. ఉదయం ట్రాఫిక్ పెరగకముందు వెళ్లండి, వరసలో ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయాల్సిన పని ఉండదు. గొట్టం కనీసం అడుగు లోపలికి వెళ్లాలి. గొట్టం పెట్టకుండానే కాగితం ఇస్తామని ఒకచోట నాకు చెప్పారు. వద్దని వేరే చోటికి వెళ్లాను. నా బండి ఆరోగ్యం చెప్పని కాగితం నాకెందుకు?

బయటి దేశాలతో పోల్చి చూస్తే మనది సులువే. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు స్మాగ్ టెస్ట్ మినహాయింపు ఉంది. 1976 నుంచి మాత్రం ఒరిజినల్ సామాను అంతా ఉందా అని బానెట్ ఎత్తి చూస్తారు, ఒక్క పైపు లేకపోయినా ఫెయిల్. బ్రిటన్‌లో 1975 ఆగస్టుకు ముందు రోడ్డెక్కిన పెట్రోల్ కార్లకు కంటికి కనిపించే పొగ చూస్తారు. ఆ తర్వాత 1986 జులై వరకు వచ్చినవాటికి సీవో 4.5 శాతం, హెచ్‌సీ 1200 పీపీఎం పరిమితి.

ఆర్టీఏ ఆఫీసు పని

పదిహేనేళ్లు దాటిన ప్రైవేటు కారుకు ప్రతి అయిదేళ్లకూ ఆర్సీ రెన్యువల్ చేయించాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేయొచ్చు. ఖైరతాబాద్, మలక్‌పేట, తిరుమలగిరి, ఇలా మీ చిరునామా ఏ ఆఫీసు పరిధిలో ఉంటే అక్కడికి వెళ్లాలి. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకోండి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను మన పెద్దవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఆయన మొదట చూసేది చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. పాత బండ్లలో అవి గ్రీజు, పెయింటు కింద దాక్కుంటాయి. ముందు రోజే కిరోసిన్ గుడ్డతో తుడిచి, నంబరు ఎక్కడుందో ఫొటో తీసి ఉంచుకోండి. చాసిస్ ప్రింట్ తీయడం తేలికవుతుంది.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి ఇంకో దారి ఉంది. కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత 5,000 రూపాయలతో అయిదేళ్లకు పొడిగించుకోవచ్చు. కొత్తగా ఇచ్చే నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి, ముందే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. దరఖాస్తు ఫారం 20తో చేయాలి. దిగుమతి బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ కాగితం), ఇక్కడే రిజిస్టర్ అయి ఉంటే పాత ఆర్సీ జత చేయాలి. ఇక్కడే ఫ్యాక్టరీ సామాను విలువ తెలుస్తుంది. బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు అనేది నిబంధన. పంపు, డబ్బా, పైపులు వాటి చోట ఉన్న బండి తన గురించి తానే చెప్పుకుంటుంది.

అయితే వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్, రిపేర్లు లాంటి పనులకే రోడ్డెక్కాలి. రోజువారీ వాడకానికి వీల్లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు చుట్టి రావాలనుకునేవాళ్లు మామూలు ఆర్సీనే కొనసాగించుకోవడం నయం. నేనూ అదే చేశాను.

మన పాత బండ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. ఆ కాగితం గ్లవ్ బాక్స్‌లో పడేసే ముందు సీవో, హెచ్‌సీ అంకెలు, తేదీ, కిలోమీటర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. కిందటి శీతాకాలం నా బండి హెచ్‌సీ మెల్లగా 420 నుంచి 690కి ఎక్కింది. పాసైంది, కానీ పాయింట్లు విప్పి చూస్తే ఒకటి నల్లగా కాలి గుంట పడి ఉంది. మార్చాక మళ్లీ 400 దగ్గరికి దిగింది.